ఇంటి పెద్దల మీటింగు

బండపల్లె ఆసుపత్రి కమిటీకి నేను తొమ్మిదేళ్ళు కార్యదర్శిగా ఉన్నాను. నా పేరు ఏసేపు, మిషను బడిలో పంతుల్ని. కార్యదర్శి పని ఎవరూ మెచ్చుకునే పని కాదు. అయినా నా మినిట్సు పుస్తకంలో ఒక్క కొట్టివేత చూపించమనండి, చూద్దాం. రాసేముందు రెండుసార్లు ఆలోచిస్తాను, రాసిన తర్వాత మార్చను. ఈ పట్టుదల వల్ల ఇంటా బయటా తిట్లు తిన్నాను. ఒక్కసారి మాత్రం దీనివల్ల ఊరికి మేలు జరిగింది.

మా ఊరు కోసిగి స్టేషనుకు ఆరు మైళ్ళు. ఆసుపత్రిని మిషనువాళ్ళే కట్టారు. బండరాళ్ళ గోడలు, ముందొక వసారా, ఆరు మంచాలు, ఒక కొసన కాన్పుల గది. 1934లో వాళ్ళు, డాక్టర్నీ నర్సునీ మందుల్నీ మేం పంపుతాం, మిగతా పెత్తనమంతా మీదేనని ఊరికి అప్పగించేశారు. వీధికొకరు చొప్పున ఏడుగురితో కమిటీ ఏర్పడింది. పెద్దవీధి బొజ్జన్న ప్రెసిడెంటు. మంచివాడే గానీ తన గొంతంటే తనకు మహా ఇష్టం. మొదటి నాలుగు మీటింగులూ ప్రెసిడెంటు కుర్చీకి చేతులుండాలా వద్దా అన్న మాట మీదే గడిచిపోయాయి. ఉండాలని తీర్మానమైంది.

నియమాలు రాసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. జనవరి దాటితే మా ఊళ్ళో మగవాళ్ళు నిలవరు. బండ్లున్నవాళ్ళు ఆదోనికి పత్తి తోలడానికి, లేనివాళ్ళు తుంగభద్ర దాటి నైజాం పక్క జొన్న కోతలకు పోతారు. మార్చి దాటితే గానీ తిరిగి రారు. ఏడుగురిలో అయిదుగురైనా కూర్చోకపోతే మీటింగు చెల్లదు కదా, మరి ఆ రెండు నెలల మాటేమిటి? అందుకని బొజ్జన్న చెప్పగా నేను ఇలా రాశాను: ‘సభ్యుడు ఊళ్ళో లేనప్పుడు, అప్పటికి ఆ ఇంట్లో ఉన్నవారిలో పెద్ద వచ్చి కూర్చోవచ్చు. సభ్యుడికున్న హక్కులన్నీ వారికీ ఉంటాయి.’ తండ్రో అన్నో వస్తాడని అందరి ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని ఎవరూ నోటితో చెప్పలేదు, నేనూ రాయలేదు. రెండేళ్ళపాటు ఆ నియమం అలాగే పుస్తకంలో పడి ఉంది.

1936 ఫిబ్రవరిలో మా నర్సు ఏసుమణికి మిషను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఏసుమణిది మైదుకూరు దగ్గర పల్లె. మద్రాసులో కాన్పుల పని నేర్చుకుని వచ్చింది. సన్నగా, చురుగ్గా, ఎవరికీ భయపడకుండా ఉండేది. మా ఊరికి వచ్చి పద్నాలుగు నెలలైనా ఆ కాన్పుల గదిలోకి ఒక్క గర్భిణీ అడుగు పెట్టలేదు. రోజూ పొద్దున్నే ఆ గదిని ఫినాయిలుతో కడిగి, ఇనుప మంచం మీద తెల్ల దుప్పటి పరిచి, గుమ్మంలో నిలబడి దారి చూసేది. సాయంత్రం మళ్ళీ దుప్పటి మడత పెట్టేది. ఆ మడత పెట్టడం చూడలేక నేను ఇంటిదారి పట్టేవాణ్ణి.

ఉత్తరంలో సంగతి సూటిగా ఉంది. మార్చి నెలాఖరుకల్లా ఒక్క కాన్పయినా జరిగినట్టు కార్యదర్శి రాసి పంపకపోతే కాన్పుల గది మూసెయ్యాలి. ఏసుమణి ఏప్రిల్ ఎనిమిదికల్లా మిషను ఆఫీసులో గుడ్డల గోదాం పనిలో చేరాలి. ఇంతకు ముందు ఆమె పనిచేసిన రెండు ఊళ్ళలోనూ ఇలాగే జరిగిందట. ‘గోదాంలో పడితే ఇంక బిడ్డను ఎత్తుకునే పని నాకు రాదు సార్’ అని మాత్రం అంది. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

ఊరి ఆడవాళ్ళు ఎందుకు రావడం లేదో కనుక్కుని, గదిలో మార్పులు చెయ్యడానికి మీటింగు పెట్టమని అడిగింది. కమిటీవాళ్ళు ఒక్కరూ ఊళ్ళో లేరు, మీటింగు చెల్లదు అన్నాను. నియమాల పుస్తకం ఒక్కరోజు ఇమ్మంది. నా పుస్తకం ఎవరికీ ఇవ్వను, ఆమెకిచ్చాను. మర్నాడు బడి గంట కొట్టకముందే మా ఇంటికి వచ్చి నేను రాసిన ఆ నియమం మీద వేలు పెట్టింది.

రెండుసార్లు చదివాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది మగవాళ్ళ సంగతి అని అరవబోయాను గానీ, ఆ ముక్క పుస్తకంలో ఎక్కడుంది? రాసింది నేను. రాసిన తర్వాత మార్చను. లోపల వంటింట్లో మా ఆవిడ వరమ్మ నవ్వడం వినపడింది. ఆ కోపంలోనే ఏడిళ్ళకూ నోటీసులు రాసి పంపించాను.

సోమవారం మధ్యాహ్నం ఆసుపత్రి వసారాలో ఆరుగురు వచ్చి కూర్చున్నారు. అయిదుగురు ఆడవాళ్ళు, ఒక గోపన్న తాత. తాతకు చెవులు వినపడవు. ఎక్కడ కూర్చున్నా ఒళ్ళో కిత్తనార పెట్టుకుని నులక పేనుతూ ఉంటాడు, ఆ రోజూ పేనుతూనే ఉన్నాడు. కాంపౌండరు సుందరం ఈ సభను చూసి మందుల గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. బొజ్జన్న భార్య హంపమ్మ నేరుగా వెళ్ళి చేతుల కుర్చీలో కూర్చుంది. ఇంటి పెద్దగా వచ్చినట్టేనా అని నేను పద్ధతి ప్రకారం అడిగాను.

“ఎద్దులు గూడా ఆయనతోనే పోయె. ఇంగ ఇంట్లో పెద్ద నేను కాకుంటే ఎవురప్పా?” అంది.

అదే రాసుకున్నాను.

ఏసుమణి లేచి నిలబడి, పద్నాలుగు నెలలుగా ఒక్కరూ రాలేదు, నాలో తప్పేముందో చెప్పండని అడిగింది.  కట్ట తెగినట్టు అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. నర్సమ్మలో తప్పేమీ లేదట. ఆ గది గుమ్మం మందుల వరసలో కూర్చున్న మగవాళ్ళకు ఎదురుగా ఉంది, నొప్పులతో ఉన్న మనిషి అంతమంది ముందునుంచి ఎలా పోతుంది? ఇనుప మంచం మీద బాలింతను పడుకోబెడితే చలి ఎముకల్లోకి దిగుతుంది. కింద నిప్పుల కుంపటి పెడదామంటే ఆ పీచు పరుపు అంటుకుంటుంది. ఫినాయిలు వాసనకు కడుపులో తిప్పుతుంది. పెద్దక్క అనే ఆవిడైతే, ఆ మంచం ఎత్తు చూసి తన కోడలు పడి చస్తుందని భయపడ్డానని చెప్పింది. రెండేళ్ళలో మగవాళ్ళు పెట్టిన పదకొండు మీటింగుల్లో ఇందులో ఒక్క మాట కూడా రాలేదు. నా కలం ఆగకుండా నడిచింది.

ఇవన్నీ అయ్యాక హంపమ్మ, అసలు సంగతి వేరే ఉందంది. అందరూ గిడ్డమ్మ వైపు చూశారు. గిడ్డమ్మ ఊరి మంత్రసాని. ఊరందరికీ క్షవరాలు చేసే ఇల్లు వాళ్ళది, కొడుకు అయ్యన్న కమిటీలో ఉన్నాడు. మా ఊళ్ళో నలభై ఏళ్ళలోపు వాళ్ళంతా ఆమె చేతిలో పడ్డవాళ్ళే. ఆమెను ఆ గదిలోకి రానివ్వనంతకాలం ఊళ్ళో ఏ ఆడదీ రాదు.

ఏసుమణి వెంటనే సరేనంది. గిడ్డమ్మ వస్తే తనకంటే సంతోషించేవాళ్ళు లేరంది. అయితే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గోళ్ళు తీసుకోవాలి, బొడ్డు కోసే కత్తిని నీళ్ళలో మరిగించాలి. ఎందుకో కూడా చెప్పింది. ఏడో రోజో ఎనిమిదో రోజో దవడలు బిగుసుకుని పాలు మానేసి పోతారే పసిబిడ్డలు, దాన్ని మీరు గాలి అంటారు, అది గాలి కాదు, చేతుల మురికీ కత్తి మురికీ అని చెప్పింది. అందరి తలలూ వంగిపోయాయి. గిడ్డమ్మ కూతురు గురమ్మకు పుట్టిన ఇద్దరు బిడ్డలూ అలాగే పోయారు. ఆ సంగతి ఏసుమణికి తెలియదు.

గిడ్డమ్మ ముఖం నల్లబడింది. “మా ఇంట్లోల్లు ఊరందరి గోర్లు తీస్తారు. నా గోర్లు తీయనీకి ఈమె ఎవురు?” అంది.

మీటింగు ఇక్కడితో ముగిసిందని నేను కలం మూత పెట్టబోయాను. ఏసుమణి మాత్రం గిడ్డమ్మ ముందు చాప మీద కూర్చుంది. రెండు చేతులూ చాపింది.

“నేను తీయను పెద్దమ్మా. ముందు నావి మీరు చూడండి. మీవి మీరే తీసుకోండి.”

గిడ్డమ్మ చాలాసేపు ఆ చేతుల్ని ముట్టుకోలేదు. తర్వాత ఒక్కొక్క వేలే పట్టుకుని, తిప్పి తిప్పి, వెలుతురులోకి పెట్టి చూసింది. ఎడమచేతి చిటికెన వేలి దగ్గర ఆగి, ఈడ మూలన మిగిలిండాది అంది. రొంటిన ఉన్న సంచిలోంచి గోళ్ళు తీసే కత్తి బయటికి తీసి ఆ మూల చెక్కింది. మద్రాసులో చదివిన నర్సు గోటిలో తప్పు పట్టినందుకు గిడ్డమ్మ పెదవులు కొంచెం కదిలాయి, అంతలో హంపమ్మ కిసుక్కున నవ్వింది, ఆ తర్వాత వసారా అంతా నవ్వే. ఏం జరిగిందో తెలియకపోయినా గోపన్న తాత కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే గిడ్డమ్మ తన గోళ్ళు తీసుకుంది.

తీర్మానాలు చకచకా అయిపోయాయి. గదికి వెనకవైపు రెండో వాకిలి పెట్టాలి. నులక మంచం వెయ్యాలి. నులకలో నల్లులు చేరతాయని ఏసుమణి అడ్డం చెబితే, ఒక్కో కాన్పుకు కొత్త నులక బిగిద్దాం, దాన్ని కూడా మరిగించి ఎండబెడదాం అన్నారు. గోపన్న తాత ఉండగా ఊరికి నులక కరువా? ఆయన చెవిలో అరిచి ఒప్పించారు. కుంపటి పెట్టవచ్చు గానీ పొగ ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. ఇక చివరిది గిడ్డమ్మ పెట్టించిన తీర్మానం: కాన్పుల గదిలోకి పోయే ఎవరి గోళ్ళయినా ఆమె చూడాలి, డాక్టరుగారివైనా సరే. అందరూ వేలిముద్రలు వేశారు. తర్వాతి గురువారం ఆదోని నుంచి వచ్చిన డాక్టరుగారు ఆ గుమ్మం ముందు బడిపిల్లవాడిలా చేతులు చాపి నిలబడటం నేను కళ్ళారా చూశాను.

వాకిలి పని మగవాళ్ళు వచ్చాక చేయిద్దామని సలహా ఇచ్చాను.

హంపమ్మ లేచి చీరకొంగు బిగించింది. “కాగితమైతే మా ఆయనొచ్చి చించుతాడు. గోడకు సందు పెట్టినాంక ఏం చేస్తాడు?” అంది.

అదే సాయంత్రం ఎండ ఉండగానే గడ్డపారలు వచ్చాయి. నేను దుమ్ముకు మూసుకున్న కళ్ళు తెరిచేసరికి గోడలో మనిషి పట్టేంత సందు ఉంది. అందులోంచి కోసిన కొర్ర చేలూ, వాటి అవతల బోడి గుట్టా కనిపించాయి. ఏసుమణి ఆ సందులో అటూ ఇటూ రెండుసార్లు నడిచి చూసుకుంది.

అన్నీ అయ్యాయి గానీ కాన్పు మాత్రం కాలేదు. అనుకున్నప్పుడు పుట్టడానికి బిడ్డలేమన్నా కమిటీ సభ్యులా? మార్చి మొదటి వారం పోయింది, రెండో వారం పోయింది. నెలలు నిండిన ఇద్దరు ఆచారం ప్రకారం వేరే ఊళ్ళకు, పుట్టిళ్ళకు వెళ్ళిపోయారు. పెద్దక్క కోడలికి ఇంకా గడువుంది. నేను రోజూ బడి వదలగానే ఆసుపత్రికి పోయేవాణ్ణి, ఏసుమణి తల అడ్డంగా ఊపేది. ఇద్దరం వేరే ఏదో మాట్లాడుకునేవాళ్ళం.

ఇరవై ఏడో తేదీ పొద్దున గిడ్డమ్మ తన కూతురు గురమ్మను నడిపించుకుంటూ చేలవైపునుంచి వచ్చింది. కోసిగిలో ఉన్న అత్తగారింటి నుంచి మూడో కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల అది. మంత్రసాని తన కూతుర్నే ఆసుపత్రికి తెచ్చిందన్న మాట అర్ధగంటలో ఊరంతా పాకింది. వెనక వాకిలి దగ్గర ముప్పైమంది ఆడవాళ్ళు చేరారు. మగవాళ్ళలో నేనూ సుందరమూ తాతా ముందు వసారాలో ఉన్నాం. మూడు గంటలకు బిడ్డ కేకపెట్టింది. ఆడపిల్ల. నాకు ముగ్గురు పిల్లలున్నారు, వాళ్ళు పుట్టినప్పుడు కూడా నేను అంత గట్టిగా దేవునికి స్తోత్రం చెప్పలేదు.

కాగితం, కలం పట్టుకుని పరిగెత్తాను. మిషనుకు రాసేస్తాను, ముప్పై ఒకటికల్లా చేరుతుంది అన్నాను. ఏసుమణి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, వద్దంది.

“గురమ్మకు ముందు రెండు కాన్పులు గూడా బాగానే అయినాయంట సార్. ఇప్పుడే చెప్పింది. ఎనిమిదో రోజు దాటనీండి. బిడ్డ నిలబడితే రాయండి, లేకుంటే ఏమని రాస్తారు?”

అప్పటికి గడువు దాటిపోతుందని, ఉత్తరం అడిగింది కాన్పు గురించే గానీ ఎనిమిదో రోజు గురించి కాదని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆమె వినలేదు. నిలవని బిడ్డను చూపించి తన ఉద్యోగం నిలుపుకోనంది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది, దానికి రెండింతలు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి వరమ్మ మీద అరిచాను. వరమ్మ పోయి గిడ్డమ్మకు చెప్పింది.

ముప్పయ్యో తేదీ పొద్దున నేను పిల్లలకు లెక్కలు చెబుతుంటే గిడ్డమ్మ బడి వసారాలోకి వచ్చి కూర్చుంది. మిషనోల్లకు రాయమంది. నర్సమ్మ వద్దందని చెప్పాను.

“ఆయమ్మ భయపడతాండాది. నాకు భయం ల్యా. ముందు ఇద్దరు బిడ్డల్నీ తీసింది ఈ చేతులే. ఏమిటికి పోయినారో ఆ పొద్దు మీటింగులో తెలిసె. ఎవురికి చెప్పుకుందును? ఈసారి సబ్బేసి కడిగింది నేనే, కత్తి కాగబెట్టింది నేనే. ఈ బిడ్డ బతుకుతాది. రాయప్పా.”

  పిల్లల్ని ముందే వదిలేసి ఉత్తరం రాశాను. మార్చి ఇరవై ఏడున ఆడబిడ్డ పుట్టింది, ఈనాటికి తల్లీ బిడ్డా క్షేమం. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆరు మైళ్ళు నడిచిపోయి కోసిగిలో నేనే టపాలో వేశాను. ఏసుమణికి మాత్రం చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆమె నోటికి జంకాను.

ఏప్రిల్ మూడు ఎనిమిదో రోజు. ఆ రోజే పత్తి బండ్లు తిరిగి వచ్చాయి. బొజ్జన్న గోడలో సందు చూసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా బడికి వచ్చి నా మీద విరుచుకుపడ్డాడు. ఆడోల్లు కూర్చోవచ్చని రాసినావా అని అడిగాడు. మగవాళ్ళే కూర్చోవాలని నువ్వు చెప్పావా అని అడిగాను, పుస్తకం తెరిచి అతని ముందు పెట్టాను. అతను దాన్ని కాసేపు చూసి ఇంటికి పోయాడు. ఇంట్లో హంపమ్మ ఏమందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి, రెండో వాకిలికి ద్వారబంధం కొలతలు దగ్గరుండి తీయించాడు.

ఎనిమిదో రోజంతా ఏసుమణి ఆ గదిలోంచి బయటికి రాలేదు. బిడ్డ పాలు తాగినప్పుడల్లా కిటికీలోంచి గురమ్మ ఎవరికో ఒకరికి చెప్పేది, ఆ మాట నోటినుంచి నోటికి నా దాకా వచ్చేది. బడిలో ఆ రోజు నేనేం చెప్పానో పిల్లల్నే అడగాలి. తొమ్మిదో రోజు తెల్లవారాక బిడ్డ ఏడుపు వీధిలోకి వినపడింది, దవడలు బాగా తెరిచి ఏడ్చిన ఏడుపు.

పదిగంటలకు కోసిగి నుంచి టపా వచ్చింది. ఉత్తరం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పోయాను. ఏసుమణి వసారాలో తన రేకుపెట్టె పక్కన నిలబడి ఉంది. బండి కోసం చూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నా ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“బిడ్డ నిలబడింది సార్. అది చాలు. ఇంక గోదామైనా సరే పోతా” అంది.

నేను ఉత్తరం చేతికిచ్చాను. చదివింది. కాన్పుల గది ఉంటుంది, నర్సు ఏసుమణి అక్కడే ఉండాలి. మళ్ళీ మొదటినుంచి చదివి తలెత్తింది.

“నేను వద్దన్నా గదా సార్.”

“నువ్వు వద్దన్నావు, గిడ్డమ్మ రాయమంది. గిడ్డమ్మ కమిటీలో ఉంది, నువ్వు లేవు. నేను కమిటీ మాట వింటాను” అన్నాను.

 ఏసుమణి పెట్టె మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ కావచ్చు. లోపలినుంచి గిడ్డమ్మ మనవరాలిని భుజానేసుకుని వచ్చి ఆమె ముందు నిలబడింది.

“పెట్టె మీద ఏమిటికి కూసున్యావు నర్సమ్మా? లెయ్యి. పెద్దక్క కోడల్ని ఎనక వాకిట్లో కూసోబెట్టొచ్చినా. నొప్పులొస్తాండాయి.”

ఏసుమణి కొంగుతో ముఖం తుడుచుకుని ఒక్క అంగలో లోపలికి పోయింది. బండి వచ్చి నిలబడితే నేనే పొమ్మన్నాను. ఆ రేకుపెట్టె ఎత్తుకుపోయి ఆమె గదిలో, గోడవారగా పెట్టి వచ్చాను.